ముందు ఫోర్కుకి ఏం చేయించాలి: ఆయిలా, స్ప్రింగులా, వాల్వులా, కార్ట్రిడ్జా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 నడిపేవాళ్లు ముందు షాకర్ల (ఫోర్కు) గురించి రెండు మాటలు చెబుతుంటారు. బ్రేకు పట్టగానే ముక్కు కిందికి దిగిపోతోందన్నది ఒకటి. గుంత అంచు తగిలితే దెబ్బ నేరుగా మణికట్టుకే వస్తోందన్నది రెండోది. మొదటిది వింటే షాకర్లు మరీ మెత్తగా ఉన్నాయనిపిస్తుంది. రెండోది వింటే మరీ బిగుతుగా ఉన్నాయనిపిస్తుంది. ఒకే బండికి ఒకే రోజు రెండూ నిజమే అవుతాయి. ఎందుకో తెలియకుండా డబ్బు పెడితే ఒక జబ్బు తగ్గి రెండోది పెరుగుతుంది. చిక్కటి ఆయిలు పోయించుకున్న చాలామందికి జరిగేది ఇదే.

ఇక్కడ ఉదాహరణకి 650 బండ్లనే తీసుకుంటున్నాం. ముందు 41 మి.మీ. మామూలు టెలిస్కోపిక్ ఫోర్కు, 110 మి.మీ. ట్రావెల్ (పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం), లోపల డ్యాంపర్ రాడ్, బయట తిప్పుకోవడానికి ఏ నాబూ లేదు. క్లాసిక్ 350, మీటియర్ 350 ఫోర్కులు కూడా 41 మి.మీ.వే, ట్రావెల్ 130. పాత హిమాలయన్ 411కి అదే మందం పైపుతో 200 మి.మీ. ట్రావెల్ ఉంది. కొలతలు మారతాయి గాని లెక్క అన్నిటికీ ఒకటే. కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి, లోపల ముందే కార్ట్రిడ్జ్ (వాల్వులున్న మూసిన గొట్టం) ఉన్న బండ్లకు ఇందులోని వాల్వుల సంగతి వర్తించదు. తలకిందుల ఫోర్కు కనబడినంత మాత్రాన లోపల మంచి డ్యాంపింగ్ (ఫోర్కు కదలికని ఆయిలుతో అదుపు చేయడం) ఉందని కూడా అనుకోవద్దు. పైపులు తలకిందులు చేయడం వేరు, లోపలి వాల్వులు వేరు.

డ్యాంపర్ రాడ్ ఎందుకు రెండు చోట్లా తప్పుతుంది

డ్యాంపర్ రాడ్ అంటే అడుగున కొన్ని రంధ్రాలు, పైన ఒకటో రెండో చిన్న రంధ్రాలు ఉన్న గొట్టం. ఫోర్కు నొక్కుకున్నప్పుడు ఆయిలు కింది రంధ్రాల గుండా పోవాలి. లేచేటప్పుడు పై చిన్న రంధ్రాల గుండా రావాలి. వాల్వు అంటూ ఏదీ లేదు, ఉన్నది కన్నాలే. కన్నం గుండా పోయే ఆయిలు ఇచ్చే నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఫోర్కు కదిలే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు, పది రెట్లైతే నూరు రెట్లు.

బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు నెమ్మదిగా దిగుతుంది. అప్పుడు కన్నాల నిరోధం దాదాపు లేనట్టే కాబట్టి ముక్కు జారిపోతుంది. పదునైన గుంత అంచుకి చక్రం తగిలితే ఫోర్కు దానికి పది రెట్లకు పైగా వేగంతో నొక్కుకోవాలి. ఆయిలు అంత త్వరగా కన్నాల్లోంచి పోలేదు. ఆ క్షణానికి ఫోర్కు ఇనుప కడ్డీలా మారిపోతుంది. బండి గట్టిగా ఉందనిపించేది అప్పుడే, నిజానికి స్ప్రింగు మెత్తగానే ఉంటుంది.

గమనించండి, ఇక్కడ వేగం అంటే ఫోర్కు కదిలే వేగం. బండి 30లో పోతున్నా గుంత అంచు పదునుగా ఉంటే ఫోర్కు వేగం ఎక్కువే. 100లో పోతున్నా, నల్లరేగడి నేల మీద వేసిన రోడ్డు అలలు అలలుగా ఉంటే ఫోర్కు వేగం తక్కువే. ఏ పార్టు కొనాలో తేల్చేది ఈ తేడాయే. మీ బండి ఎక్కడ ఇబ్బంది పెడుతోందో ముందు రాసుకోండి.

బ్రేకుకి దిగిపోవడం, ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకు వదలగానే ముక్కు పైకి ఎగరడం, నల్లరేగడి రోడ్ల మీద పడవలా ఊగడం: ఇవి నెమ్మది వేగం జబ్బులు. కాంక్రీటు రోడ్డు జాయింట్లు, చెక్కిన స్పీడ్ బ్రేకర్లు, గుంత అంచులు చేతికి కొట్టడం ఎక్కువ వేగం జబ్బు. వరసగా నాలుగైదు గతుకులు వస్తే మొదటిది ఫరవాలేదు, నాలుగోది మాత్రం గట్టిగా కొడుతోంది అంటే ఫోర్కు పైకి లేవడానికి సమయం చాలడం లేదు. రీబౌండ్ (లేచేటప్పుడు ఆయిలు ఇచ్చే నిరోధం) మరీ ఎక్కువైందన్నమాట.

పైసా పెట్టకముందు చూడాల్సినవి

కొత్త పార్టులు అక్కర్లేదని తేలే బండ్లు చాలా ఉంటాయి. టైరు గాలి కంపెనీ చెప్పినదానికంటే ఐదారు పీఎస్ఐ ఎక్కువ ఉంటే ఏ ఫోర్కూ దాన్ని కప్పిపుచ్చలేదు. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం లేపి హ్యాండిల్‌ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో చిన్న గాడిలో పడినట్టు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. పైపుల మీద తుప్పు చుక్కలు ఉంటే ఎన్ని కొత్త సీళ్లు వేసినా కొద్ది వారాల్లో కారడం ఖాయం. ముందు పైపులకి హార్డ్ క్రోమ్ చేయించాలి, లేదా మార్చాలి.

రాపిడి సంగతి ఇంకా ముఖ్యం. ఇరుసు బిగించేటప్పుడు ఫోర్కు రెండు కాళ్లు (రెండు వైపుల పైపులు) సమాంతరంగా లేకపోతే ఫోర్కు లోపల ఇరుక్కుని కదలదు. పరిష్కారం ఉచితం. ఇరుసు నట్టు బిగించి, ఇరుసుని కాలికి పట్టి ఉంచే పించ్ బోల్టు వదులుగానే ఉంచి, బండి నేల మీద పెట్టి ముందు బ్రేకు పట్టి ఐదారుసార్లు గట్టిగా నొక్కండి. కాళ్లు వాటి చోటు అవే వెతుక్కుంటాయి. అప్పుడు పించ్ బోల్టు బిగించండి. టైరు పంచరు వేయించిన ప్రతిసారీ ఇది చేయాలి. చాలా షాపుల్లో చేయరు.

తర్వాత శ్యాగ్, అంటే బరువుకి ఫోర్కు ఎంత దిగిందో కొలవండి. పైపుకి ఒక కేబుల్ టై కట్టి ఉంచితే బండి ఎంతవరకు దిగిందో తర్వాత కూడా చూసుకోవచ్చు. చక్రం గాలిలో ఉండగా సీలు నుంచి పై క్లాంపు వరకు కొలత తీయండి. అది మొదటిది. మీరు గేరుతో, హెల్మెట్‌తో బండెక్కి కూర్చోవాలి, ఇద్దరు సాయం ఉండాలి. ఒకరు ముందుని కిందికి నొక్కి నెమ్మదిగా వదిలితే ఆగిన చోట రెండో కొలత, పైకి లేపి నెమ్మదిగా దించితే ఆగిన చోట మూడో కొలత. రెండో, మూడో కొలతల సగటుని మొదటిదాంట్లోంచి తీసేస్తే వచ్చేది శ్యాగ్. 110 మి.మీ. ట్రావెల్‌కి 33 నుంచి 38 మి.మీ. మధ్య ఉండాలి. 200 మి.మీ. ఉన్న హిమాలయన్‌కి 60 నుంచి 65 దగ్గర. రెండో, మూడో కొలతల మధ్య తేడా 20 మి.మీ. దాటితే ఫోర్కులో రాపిడి ఎక్కువగా ఉందని అర్థం. ముందు దాని సంగతి చూడాలి, పార్టులు తర్వాత.

ఆయిలు: అందరూ చేయాల్సింది, అందరికీ సరిపోనిది

ఫోర్కు ఆయిలు మార్చకుండా 30 వేల కిలోమీటర్లు తిరిగిన బండి నుంచి వచ్చేది బూడిద రంగు నీళ్లు. పాతది తీసి, శుభ్రం చేసి, సరైన ఆయిలు సరైన మట్టానికి పోస్తే పోయిన డ్యాంపింగ్ తిరిగి వస్తుంది. ఖర్చు వందల్లో ఉంటుంది. ఇంజిన్ ఆయిలు మాత్రం పోయనివ్వకండి. రోడ్డు పక్క షాపుల్లో ఇంకా ఆ అలవాటు ఉంది. దానిలో నురుగు అణిచే గుణం ఫోర్కు పనికి సరిపోదు. నురుగు కట్టిన ఆయిలు కన్నాల్లోంచి గాలిలా జారిపోతుంది.

డబ్బా మీద ఉండే 10డబ్ల్యూ, 15డబ్ల్యూ అంకెల్ని నమ్మడానికి లేదు. ఫోర్కు ఆయిళ్లలో ఆ అంకెలకి అందరూ పాటించే కొలమానం లేదు. 40 డిగ్రీల వద్ద ఒక కంపెనీ 10డబ్ల్యూ సుమారు 32 సెంటీస్టోకులు (చిక్కదనం కొలత) ఉంటే ఇంకొకరిది 47 దాకా ఉంటుంది. అది వేరొకరి 15డబ్ల్యూకి దగ్గర. కాబట్టి ఆయిలు మార్చినప్పుడల్లా డేటా షీట్‌లో ‘40 డిగ్రీల వద్ద సెంటీస్టోకులు’ అన్న అంకె రాసి పెట్టుకోండి. తర్వాతి మార్పులన్నీ ఆ అంకె మీద చేయండి.

వేడి సంగతి కూడా ఉంది. ఫోర్కు ఆయిలు చిక్కదనం 20 డిగ్రీల దగ్గర, 40 డిగ్రీల దగ్గర ఉన్నదానికి దాదాపు రెట్టింపు. లంబసింగి చలికాలపు పొద్దున బిగుసుకున్నట్టున్న బండి, మే నెల రామగుండం ఎండలో వదులైపోయిందనిపిస్తే అది మీ ఊహ కాదు. ఎండల్లో ఎక్కువ తిరిగేవాళ్లు ఇంకాస్త చిక్కటిది పోసుకోవడంలో తప్పులేదు. కానీ ఒక్క మెట్టు, అంతకు మించి వద్దు.

ఎందుకంటే కన్నాల ఫోర్కులో చిక్కటి ఆయిలు అన్ని వేగాల్లోనూ నిరోధాన్ని పెంచుతుంది. బ్రేకు దిగుడు కొంచెం తగ్గుతుంది, గుంత దెబ్బ ఎక్కువవుతుంది, రీబౌండ్ నెమ్మదిస్తుంది. 20డబ్ల్యూ పోయించుకుని ‘బండి ఇప్పుడు నిలబడుతోంది’ అనుకునేవాళ్లు నాలుగో గతుకు దగ్గర చేతుల నొప్పితో దాని ధర కడుతున్నారు.

ఆయిలు మట్టం వేరే సాధనం. పైన మిగిలిన గాలి చివర్లో స్ప్రింగులా పనిచేస్తుంది. స్ప్రింగు తీసేసి, పైపుని పూర్తిగా అడుగుకి నొక్కి, పైపు అంచు నుంచి ఆయిలు వరకు స్కేలుతో కొలవాలి. మి.లీ. లెక్కన పోస్తే లోపల మిగిలిపోయిన పాత ఆయిలు వల్ల రెండు కాళ్లకి తేడా వస్తుంది. మట్టం 10 మి.మీ. పెంచడానికి 41 మి.మీ. పైపులో సుమారు 11 మి.లీ. చాలు. ట్రావెల్ మొదటి సగంలో తేడా తెలియదు, చివరి మూడో వంతులోనే తెలుస్తుంది. ఫోర్కు గట్టి బ్రేకుకి అడుగు తగిలి ఠక్కుమంటోంది, మిగతా అంతా బాగానే ఉంది అంటే 10 మి.మీ. పెంచి చూడండి. అదే పనిగా పెంచుకుంటూ పోతే లోపలి గాలి పీడనం ఆయిల్ సీలుని బయటకి తోసేస్తుంది.

స్ప్రింగులు: బరువుకి సరిపోయిందా లేదా అన్నదే ప్రశ్న

ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే కొంత నొక్కి ఉంచడం) పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని అనుకుంటారు. గట్టిపడదు. స్ప్రింగు రేటు (ఒక మి.మీ. నొక్కడానికి కావాల్సిన బరువు) అంతే ఉంటుంది, బండి ముందు ఎత్తు పెరుగుతుందంతే. 5 మి.మీ. స్పేసర్ (స్ప్రింగు పైన పెట్టే పైపు ముక్క) వేస్తే శ్యాగ్ సుమారు 5 మి.మీ. తగ్గుతుంది. ముక్కు దిగే దూరం మారదు, పై నుంచి మొదలవుతుంది కాబట్టి అడుగు తగలడం తగ్గుతుంది.

స్ప్రింగు సరైనదో కాదో చెప్పే పరీక్ష చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. మీరు కూర్చున్నప్పటి శ్యాగ్‌ని స్పేసర్‌తో సరిగ్గా 35 దగ్గరకి తెచ్చారనుకుందాం. ఇప్పుడు దిగి, ఖాళీ బండి శ్యాగ్ చూడండి. అది బాగా తక్కువగా, పది మి.మీ. లోపు ఉంటే స్ప్రింగు మీకు మెత్తనిది. మెత్తటి స్ప్రింగుని ఎక్కువ ప్రీలోడ్‌తో బలవంతంగా నిలబెట్టారు కాబట్టి, మీరు దిగగానే పూర్తిగా పైకి లేచిపోయింది. ఖాళీ బండి కూడా 25కి పైగా దిగి ఉంటే స్ప్రింగు మీకు గట్టిది.

లెక్క చూద్దాం. ఇంధనంతో, 80 కిలోల మనిషితో కలిపి మొత్తం 290 కిలోలనుకుంటే ముందుకి 47 శాతం, అంటే 136 కిలోలు. చక్రం, బ్రేకు, కింది కాళ్ల బరువు 20 కిలోలు స్ప్రింగు మోయదు. మిగిలింది 116. ఫోర్కు 24 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి దాని వెంట పడేది 106, కాలికి 53 కిలోలు. మి.మీ.కు 0.9 కిలోల స్ప్రింగైతే మొత్తం 59 మి.మీ. నొక్కుకోవాలి. శ్యాగ్ 36 కావాలంటే ప్రీలోడ్ 23 మి.మీ. అదే 0.7 స్ప్రింగైతే మొత్తం 76, ప్రీలోడ్ 40. అంత ప్రీలోడ్ పెట్టాల్సి వస్తోందంటే రేటు పెంచాల్సిందే. మూత బిగించేటప్పుడే చేతికి తెలుస్తుంది. 75–90 కిలోల మనిషికి ఈ బరువు బండి మీద 0.85 నుంచి 1.0 మధ్య వెతకండి. వెనక కూర్చునేవాళ్ల బరువు ఎక్కువ భాగం వెనక చక్రానికే పోతుంది, దానికోసం ముందు స్ప్రింగు పెంచొద్దు.

లీనియరా (అంతటా ఒకే రేటు), ప్రోగ్రెసివా అన్నదానిలో మా మొగ్గు లీనియర్ వైపే. ప్రోగ్రెసివ్ స్ప్రింగు మొదట మెత్తగా, లోపలికి పోయేకొద్దీ గట్టిగా ఉంటుంది. కానీ రీబౌండ్ కన్నాలు ఒక్క రేటుకే సరిపోతాయి. మెత్తటి భాగానికి సరిపెడితే గట్టి భాగం ఎగురుతుంది, గట్టి భాగానికి సరిపెడితే మెత్తటి భాగం లేవదు. అయితే వాల్వులు, కార్ట్రిడ్జ్ ఏవీ వేయకుండా స్ప్రింగులు మాత్రమే మార్చి, ఒక రోజు ఒక్కరే, మరో రోజు ఇద్దరు, సామానుతో తిరిగేవాళ్లకి ప్రోగ్రెసివ్ సౌకర్యంగా ఉంటుంది. వాటి ఖర్చు కొన్ని వేలల్లో ఉంటుంది.

స్ప్రింగు కోసి గట్టి చేయడం లేత్ షాపుల్లో ఇంకా జరుగుతుంది. చుట్లు తగ్గితే రేటు పెరిగే మాట నిజమే. కానీ కోసిన చివర చదును లేక వాలి నిలబడుతుంది, పైపు లోపలి గోడని గీకుతుంది, ఆయిలు నిండా ఇనుప రజను చేరుతుంది. చేయొద్దు.

వాల్వులు: ఖర్చుకి ఎక్కువ ఫలితం ఇక్కడే

వీటిని కార్ట్రిడ్జ్ ఎమ్యులేటర్ అంటారు. అమెరికా రేస్ టెక్ గోల్డ్ వాల్వ్, థాయిలాండ్ వైఎస్ఎస్ పీడీ వాల్వ్ ఈ రకానివి. బిళ్లలాంటి ఈ వాల్వు డ్యాంపర్ రాడ్ తల మీద కూర్చుంటుంది, పై నుంచి మెయిన్ స్ప్రింగు దాన్ని పట్టి ఉంచుతుంది. నొక్కుకునేటప్పుడు ఆయిలంతా దీని గుండానే పోవాలి. నెమ్మదిగా దిగేటప్పుడు చిన్న బ్లీడ్ రంధ్రం మాత్రమే తెరిచి ఉంటుంది కాబట్టి బ్రేకుకి ఫోర్కు నిలబడుతుంది. గుంత తగిలితే పీడనం వాల్వు స్ప్రింగుని నెట్టి తలుపు తెరుస్తుంది, ఆయిలు దారి దొరికి పోతుంది. ఆ రెండు జబ్బులకీ ఒకే మందు ఇది. ఖర్చు వేలల్లో ఉంటుంది, బ్రాండుని బట్టి మారుతుంది.

ఇది పనిచేయాలంటే పాత కింది కన్నాలు ఇక అడ్డుపడకూడదు. అందుకే డ్యాంపర్ రాడ్ అడుగున ఉన్నవాటిని పెద్దవి చేసి, కొత్తవి వేసి, మొత్తం ఆరు 8 మి.మీ. రంధ్రాలు చేయాలి. ఎదురెదురుగా జతలు, జతకీ జతకీ 10 మి.మీ. దూరం, ప్రతి జత ముందుదానికి 90 డిగ్రీలు తిప్పి. పైనున్న చిన్న రీబౌండ్ కన్నాల్ని తాకకూడదు. అవి పెద్దవైతే రీబౌండ్ పోతుంది, తిరిగి రాదు, కొత్త రాడ్ కొనాల్సిందే. డ్రిల్ చేసిన చోట లోపలా బయటా అంచుల మీది ముళ్లని రౌండ్ ఫైలుతో, ఎమెరీతో పూర్తిగా తీయాలి. ఒక్క ముల్లు మిగిలినా బుష్‌ని (పైపులు జారే లోపలి రింగుని) గీరుతుంది. కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టి, లోపల వేలు పెట్టి చూడండి.

పని వరస ఇలా ఉంటుంది. ఇంజిన్ కింద దన్ను పెట్టి ముందు చక్రం లేపండి. ఫోర్కు బండి మీద ఉండగానే పై క్లాంపు బోల్టు వదులు చేసి, ఫోర్కు మూత పావు తిప్పు వదలండి. కిందికి దించాక దాన్ని తిప్పడం కష్టం. చక్రం, క్యాలిపర్, మడ్‌గార్డ్ తీయండి. క్యాలిపర్‌ని గొట్టానికి వేలాడదీయకుండా తాడుతో కట్టండి. ఫోర్కు దించి మూత తీసేటప్పుడు పై నుంచి ఒత్తిడి ఇస్తూ తీయాలి, లేకపోతే స్ప్రింగు ఎగిరి ముఖానికి తగులుతుంది. ఆయిలు ఒంపి, అడుగున ఉన్న ఆలెన్ బోల్టు తీయాలి. లోపల రాడ్ కూడా తిరిగిపోతూ బోల్టు రాకపోతే స్ప్రింగు తిరిగి పెట్టి నొక్కిపట్టి ఇంపాక్ట్ గన్‌తో ఒక్క దెబ్బ వేస్తే సాధారణంగా వస్తుంది.

రాడ్‌తోపాటు రెండు వస్తువులు బయటకి వస్తాయి, వాటిని మరిచిపోతే పని మొదటికి వస్తుంది. రాడ్ తల కింద ఉండే చిన్న టాప్ అవుట్ స్ప్రింగు, అడుగున ఉండే ఆయిల్ లాక్ గిన్నె. మొదటిది లేకపోతే చక్రం గాలిలోకి లేచినప్పుడల్లా ఠంగుమంటుంది. రెండోది లేకపోతే లేదా తలకిందులైతే అడుగు తగిలినప్పుడు ఇనుము ఇనుముని కొడుతుంది. విప్పేటప్పుడే ఫోటో తీసుకోండి.

ఇంత విప్పాక సీళ్లు, బుష్‌లు కూడా చూడండి. బుష్ మీద పూత పోయి రాగి రంగు కనబడితే మార్చండి. కొత్త సీలు ఎక్కించేటప్పుడు పైపు అంచుకి పాల కవరు ముక్క చుట్టి, గ్రీజు రాసి జార్చితే పెదవి తెగదు. అడుగు బోల్టుకి రాగి వాషర్ కొత్తది వేయాలి. పాతది వేస్తే అక్కడి నుంచి చెమ్మ మొదలవుతుంది.

వాల్వు తలకిందులుగా వేయడం ఎక్కువగా జరిగే తప్పు. వాల్వు స్ప్రింగు, సర్దే బోల్టు పైకి చూస్తూ ఉండాలి. మీ కిట్ కాగితంలో బొమ్మ ఉంటుంది, చూసి వేయండి. రాడ్ తల మీద వాల్వు చదునుగా, అంచులు మూసుకునేలా కూర్చోవాలి. తల గిన్నెలా ఉంటే అడాప్టర్ రింగు కావాలి. ఆయిలు పక్కల నుంచి తప్పించుకుంటే వాల్వు ఉన్నా లేనట్టే. మెయిన్ స్ప్రింగు కింది చివర వాల్వు అంచు మీదే ఆనాలి, మధ్యలో ఉన్న భాగాన్ని తాకకూడదు.

ఇప్పుడు స్పేసర్. వాల్వు ఎంత ఎత్తు ఆక్రమించిందో అంత స్పేసర్ తగ్గాలి. వాల్వు 12 మి.మీ. తీసుకుంటే స్పేసర్ 12 మి.మీ. కోయాలి. లేకపోతే ప్రీలోడ్ అంతా పెరిగి శ్యాగ్ పోతుంది. స్పేసర్ చేసుకోవాలంటే ఒక అంగుళం షెడ్యూల్ 80 యూపీవీసీ పైపు బయటి కొలత 33.4 మి.మీ., 41 మి.మీ. ఫోర్కులోకి పోతుంది. రెండు చివరలూ చదునుగా కోసి, పైనా కిందా స్టీలు వాషర్ వేయాలి. వాషర్ లేకుండా వేస్తే స్ప్రింగు పైపుని కోసుకుంటూ పోతుంది. ఎక్కువ కాలం ఉంచేవాళ్లు అదే కొలతకి అల్యూమినియం పైపు కోయించుకోండి.

వాల్వు సర్దుబాటుకి మొదటి స్థానం: బోల్టు వాల్వు స్ప్రింగుని తాకిన దగ్గర నుంచి రెండు తిప్పులు. ఆయిలు మట్టం 140 మి.మీ. ఇక్కడ ఆయిలు చిక్కదనం పని మారిపోతుంది, జాగ్రత్తగా గమనించండి. దిగే డ్యాంపింగ్ వాల్వు చూసుకుంటుంది, ఆయిలు చిక్కదనం ముఖ్యంగా రీబౌండ్ కోసం ఎంచుకోవాలి. స్ప్రింగు గట్టిది వేస్తే రీబౌండ్ కూడా పెరగాలి, అందుకే 15డబ్ల్యూ తరహా ఆయిలు మామూలు. ముందుని గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి పైకొచ్చి ఆగాలి. పైకొచ్చి మళ్లీ కిందికి ఊగితే ఆయిలు పలచన. బరువుగా పాకుతూ వస్తే చిక్కన. తర్వాత రోడ్డు మీద బ్రేకు దిగుడు ఇంకా ఉంటే అర తిప్పు బిగించండి, గుంత అంచు కొడితే అర తిప్పు వదలండి. సర్దాలంటే మళ్లీ మూత తీసి, స్ప్రింగు తీసి, వాల్వుని బయటికి లాగాలి. ఈ పద్ధతిలో నిజమైన అసౌకర్యం ఇదే. మొదటి నెలలో రెండు మూడు సార్లు చేయాల్సి వస్తుందని ముందే అనుకోండి.

కార్ట్రిడ్జ్: ఎవరికి అవసరం

పూర్తి కార్ట్రిడ్జ్ కిట్లో డ్యాంపర్ రాడ్ మొత్తం తీసేసి, పిస్టన్, షిమ్ములతో (ఒత్తిడికి వంగి ఆయిలుకి దారిచ్చే పలచని రేకులతో) ఉన్న మూసిన గొట్టాన్ని పెడతారు. ఓలిన్స్, ఆండ్రియానీ, కే-టెక్, మాట్రిస్ లాంటివాళ్లు చేస్తారు, అర లక్ష ఆ పైన అవుతుంది. మీ మోడల్ పేరు కిట్ జాబితాలో లేకుండా ‘41 మి.మీ.కి సరిపోతుంది’ అంటే కొనొద్దు. పైపు లోపలి కొలత, పొడవు, అడుగు బోల్టు మర, మూత మర నాలుగూ కలవాలి.

ఎమ్యులేటర్ ఇచ్చేదానికంటే ఇది రెండు చోట్ల మెరుగు. మొదటిది రీబౌండ్. ఎమ్యులేటర్ దిగడాన్నే బాగుచేస్తుంది, లేవడం ఇంకా పాత కన్నాల మీదే. కార్ట్రిడ్జ్‌లో రీబౌండ్‌కీ షిమ్ములు ఉంటాయి. ఘాట్ రోడ్డు మలుపులో ముక్కు ఎగరకుండా నిదానంగా లేవడం దీని వల్లే. రెండోది, పైనున్న నాబుతో అప్పటికప్పుడు సర్దుకోవచ్చు. చాలా కిట్లలో ఒక కాలు దిగడానికి, ఇంకో కాలు లేవడానికి. ఇది లోపం కాదు, ఇరుసు రెండు కాళ్లనీ కలిపే ఉంచుతుంది. రాడ్‌ని డ్రిల్ చేయరు కాబట్టి బండి అమ్మేటప్పుడు పాతవి పెట్టి కిట్‌ని విడిగా అమ్ముకోవచ్చు, ఆ లెక్కన ఖర్చు కొంత తిరిగొస్తుంది.

కార్ట్రిడ్జ్‌లకి సాధారణంగా 5డబ్ల్యూ తరహా పలచని ఆయిలు వాడతారు, కిట్ చెప్పిందే పోయండి. చిక్కటిది పోస్తే షిమ్ములు పనిచేసే వేగాలు మొత్తం మారిపోతాయి. పోశాక లోపలి గాలి పోయేదాకా రాడ్‌ని పదిహేనిరవైసార్లు నెమ్మదిగా నడపాలి, ఆ తర్వాతే మట్టం కొలవాలి. దుమ్ము దారుల్లో తిరిగే బండికి ఆయిలు మార్పు కాలం తగ్గించుకోండి, షిమ్ముల మధ్య చేరిన రజను డ్యాంపింగ్‌ని తినేస్తుంది.

ట్రాక్ మీద, లేదా వారం వారం శ్రీశైలం, మారేడుమిల్లి ఘాట్ల మీద వేగంగా తిరిగేవాళ్లకి ఇది తగును. రోజూ ఆఫీసుకి, నెలకోసారి ఊరికి వెళ్లే బండికి, సరైన స్ప్రింగుతో వేసిన ఎమ్యులేటర్ చాలు, మిగిలిన డబ్బు వెనక షాకర్లకి పెట్టండి. ముందు బాగుపడి వెనక అలాగే ఉంటే బండి వెనక భాగం ప్రతి గతుక్కీ ఎగిరి మలుపులో మీ గీతని చెడగొడుతుంది. అప్పుడు తప్పు కొత్త ఫోర్కుదే అనిపిస్తుంది.

వేరే బండి ఫోర్కు తెచ్చి వేయడం

తలకిందుల ఫోర్కు స్క్రాపు దుకాణంలో దొరికిందని మొత్తం ముందు భాగం మార్చేవాళ్లున్నారు. దీనికి మా సలహా: వద్దు. స్టీరింగ్ రాడ్ పొడవు, బేరింగు కొలత, పైపుల పొడవు, ఇరుసు, క్యాలిపర్, ఏబీఎస్ సెన్సర్ రింగు, హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకి తగలకపోవడం, అన్నీ కలవాలి. అన్నీ కలిసినా ట్రిపుల్ క్లాంపు ఆఫ్‌సెట్ (స్టీరింగ్ రాడ్ నుంచి ఫోర్కు పైపులు ఎంత ముందుకున్నాయన్నది) 5 మి.మీ. మారితే, బండిని నిటారుగా పట్టి ఉంచే ట్రెయిల్ (స్టీరింగ్ గీత నేలని తాకే చోటుకీ టైరు తాకే చోటుకీ మధ్య దూరం) దాదాపు 5.5 మి.మీ. మారుతుంది, ఆఫ్‌సెట్ పెరిగితే ట్రెయిల్ తగ్గుతుంది. పైపులు పొట్టిగా ఉంటే ముక్కు దిగి ఇంకా తగ్గుతుంది. వేగంలో హ్యాండిల్ వణకడం అక్కడ మొదలవుతుంది. పైగా ఆ ఫోర్కు లోపలి స్ప్రింగు వేరే బరువు బండికి చేసింది, మళ్లీ స్ప్రింగులు కొనాల్సిందే. చేసి తీరాలనుకుంటే బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

ఎవరికి ఏది

బండికి మూడేళ్లు దాటి ఆయిలు ఎప్పుడూ మార్చకపోతే, ఆయిలు, సీళ్లు, ఇరుసు సర్దుబాటు మాత్రమే చేసి నెల రోజులు నడపండి. ఫిర్యాదు పోతే అక్కడితో ఆగండి.

శ్యాగ్ 45 దాటి, పై పరీక్షలో స్ప్రింగు మెత్తనిదని తేలితే, డబ్బు పరిమితంగా ఉంటే, లీనియర్ స్ప్రింగులు, ఒక మెట్టు చిక్కటి ఆయిలు. బ్రేకు దిగుడు బాగా తగ్గుతుంది. గుంత అంచు దెబ్బ పోదు, పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మణికట్టు దెబ్బే మీ ప్రధాన బాధైతే స్ప్రింగులు మాత్రం కొనడం వృథా. ఎమ్యులేటర్‌తో కలిపి ఒకేసారి వేయించండి. ఫోర్కు విప్పే కూలి, సీళ్లు, ఆయిలు ఖర్చు ఒక్కసారే పడతాయి. డ్రిల్లింగ్‌కి మాత్రం లేత్ మిషను ఉన్న, కొలత చెబితే వినే షాపుని వెతకండి. చేతి డ్రిల్లుతో వంకరగా పడిన రంధ్రం రాడ్‌ని బలహీనం చేస్తుంది.

55 కిలోలలోపు ఉన్న మనిషికి కంపెనీ స్ప్రింగే సరిపోవచ్చు. శ్యాగ్ 35 దగ్గరుంటే దాన్ని ఉంచి, ఎమ్యులేటర్ మాత్రం వేసి, వాల్వుని ఒకటిన్నర తిప్పు దగ్గర మొదలుపెట్టండి.

ఏది వేసినా మొదటి 500 కిలోమీటర్ల తర్వాత క్లాంపు బోల్టుల టార్క్ మాన్యువల్ అంకెకి సరిచూడండి. అడుగు బోల్టు దగ్గర, సీళ్ల అంచున తెల్ల గుడ్డతో తుడిచి నూనె జాడ చూడండి. ముందు చక్రం లేపి కింది కాళ్లని ముందుకీ వెనక్కీ ఊపండి. చిన్న టక్కు వినిపిస్తే అది బుష్‌దో కోన్‌సెట్‌దో తేల్చుకున్నాకే వాల్వు తిప్పులు మార్చడం మొదలుపెట్టండి, ఒకసారికి ఒక్కటే మార్పు, ప్రతిసారీ అదే రోడ్డు మీద.